ఆయిల్ రంగులు మొదలుపెడుతున్న అబ్బాయికి

చిరంజీవికి పెద్దమ్మ ఆశీస్సులు.

ఉద్యోగం చేసుకుంటూనే ఆయిల్ పెయింటింగ్ సొంతంగా నేర్చుకుంటానని రాశావు. నేర్పేవాళ్లు లేరని బెంగపడకు. రవివర్మ తిరువనంతపురం ఆస్థానంలో థియోడర్ జెన్సన్ అనే విదేశీ చిత్రకారుడు వేస్తుంటే చూసి, మిగతాది తంటాలు పడి నేర్చుకున్నవాడే. డచ్ చిత్రకారుడు వాన్ గో 1880లో, 27 ఏళ్ల వయసులో బొమ్మలు గీయడం మొదలుపెట్టి, బార్గ్ అనే ఆయన డ్రాయింగ్ పాఠాలు మళ్లీ మళ్లీ చూసి గీశాడు. నువ్వూ రోజూ అరగంట పెన్సిల్ పట్టు, దాని గురించి ఇంతకంటే చెప్పను. సొంతంగా నేర్చుకునేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది రంగు ఆరే దగ్గర.

వాటర్ కలర్‌లో నీళ్లు ఆవిరైతే రంగు ఆరిపోతుంది. ఆయిల్ అలా కాదు. అందులోని అవిసె నూనె, అదే లిన్‌సీడ్, గాల్లో ఆక్సిజన్‌ని పట్టుకుని గట్టిపడుతుంది. కొబ్బరి నూనె, వేరుశెనగ నూనె అలా గట్టిపడవు. వాటిని కలిపిన రంగు ఎన్నాళ్లైనా జిడ్డుగానే ఉంటుంది. హార్డ్‌వేర్ షాపులో చెక్కకు పూసే బాయిల్డ్ లిన్‌సీడ్ కూడా వద్దు, త్వరగా ఆరినా నల్లబడుతుంది. ఆర్ట్ షాపులో దొరికే శుద్ధి చేసిన లిన్‌సీడే కొను.

ఇక పొరలు. మొదటి పొరకి ముదురు గోధుమరంగు బర్న్ట్ అంబర్‌ని టర్పెంటైన్‌తో పల్చన చేసి, గుడ్డతో తుడుస్తూ వెలుగునీడలు మాత్రం పెట్టు. అది ఒకటి రెండు రోజుల్లో ఆరుతుంది. రెండో పొర ట్యూబులోంచి తీసిన రంగు తీసినట్టే. మూడో పొరకి కావాలంటే ఒక వంతు లిన్‌సీడ్, రెండు వంతులు టర్పెంటైన్ కలిపిన మీడియం, అదీ రంగు కాస్త జారేంతవరకే. అంటే కింద నూనె తక్కువ, పైకి పోయేకొద్దీ ఎక్కువ. తిరగేస్తే పైపొర ముందే ఆరి బిగుసుకుంటుంది, కింద పొర ఇంకా కదులుతూ ఉంటుంది, పైది పగులుతుంది. నూనె మరీ ఎక్కువైతే చల్లారిన పాల మీద మీగడలా ముడతలు పడుతుంది.

అన్ని రంగులూ ఒకేలా ఆరవు. అంబర్, సియెన్నా లాంటి మట్టి రంగులు త్వరగా ఆరుతాయి. టైటానియం వైట్, కాడ్మియం రెడ్, ఐవరీ బ్లాక్ వారం దాటినా వేలికి అంటొచ్చు. అందుకని కింది పొరలో నలుపు దట్టంగా పెట్టకు. చీకటి కావాలంటే అల్ట్రామెరీన్ నీలం, బర్న్ట్ అంబర్ కలుపు. ట్యూబులోంచి వచ్చే నలుపు కన్నా అదే బాగుంటుంది, నా మటుకు నాకు. ఆరిందో లేదో చూడాలంటే దళసరిగా ఉన్న అంచు మీద గోరు మెల్లగా నొక్కు. గుంట పడితే ఇంకా ఆగాలి.

ఆగడమే నీకు కష్టం, నాకు తెలుసు. అందుకే ఎప్పుడూ మూడు కాన్వాసులు నడుస్తూ ఉండాలి. ఒకటి ఆరుతుంటే ఇంకోదాని మీద పని. ఆదివారం ఒక్కరోజు ఎనిమిది గంటలు కూర్చునేకన్నా వారంలో నాలుగు రోజులు గంటేసి కూర్చో. తడి మీద తడి పదేపదే రుద్దితే రంగంతా బురదవుతుంది. సెలవు రోజు ఎక్కువసేపు కూర్చునేవాళ్లకి ఎక్కువగా జరిగేది ఇదే.

రంగులు ఏడెనిమిది చాలు: టైటానియం వైట్ పెద్ద ట్యూబు, లెమన్ ఎల్లో, ఎల్లో ఓకర్, ఒక వేడి ఎరుపు (నారింజ వైపు మొగ్గేది), ఒక చల్లని ఎరుపు (ఊదా వైపు మొగ్గేది), అల్ట్రామెరీన్, బర్న్ట్ సియెన్నా, బర్న్ట్ అంబర్. చల్లని ఎరుపు కొనేటప్పుడు ట్యూబు వెనక కోడ్ చూడు. పీఆర్ 83 అని ఉంటే అది పాత అలిజరిన్ ఎరుపు, వెలుగుకి వెలిసిపోతుంది. పీవీ 19 అని ఉన్నది తీసుకో. వాన్ గో 1888లో వేసిన పడకగది బొమ్మలో గోడలు మొదట ఊదారంగువి. అందులోని ఎరుపు వెలిసిపోయి ఇప్పుడు నీలంగా కనిపిస్తున్నాయి. తెలుపులో పీడబ్ల్యూ 4, అంటే జింక్, ఎక్కువగా ఉన్నది వద్దు. ఏళ్లు గడిస్తే పెళుసెక్కి పెచ్చులు లేస్తుంది.

షాపులో కొన్న కాన్వాసుని నమ్మకు. ఒక మూల చిన్న చుక్క రంగు పెట్టి రెండ్రోజులాగి వెనక తిప్పి చూడు. నూనె మరక కనిపిస్తే ప్రైమర్, అంటే గుడ్డ మీద ముందు వేసే పూత, చాలలేదన్నమాట, నూనె గుడ్డలోకి దిగి క్రమంగా దాన్ని కుళ్లబెడుతుంది. అక్రిలిక్ జెస్సో అనే తెల్ల ప్రైమర్ మరో రెండు పూతలు వెయ్యి, ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా. మధ్యలో 220 నంబరు ఎమరీతో తేలిగ్గా రుద్ది, మూడు రోజులు ఆరనివ్వు. అక్రిలిక్ మీద ఆయిల్ వెయ్యొచ్చు, ఆయిల్ మీద అక్రిలిక్ మాత్రం వెయ్యకు. అతుక్కోదు.

ఒకటి మాత్రం అలవాటయ్యేదాకా చెబుతూనే ఉంటాను. లిన్‌సీడ్ తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి చెత్తబుట్టలో పడెయ్యకు. ఆరుతున్నప్పుడు వేడి పుడుతుంది, ఆ వేడి బయటికి పోయే దారి లేక దానంతటదే అంటుకుంటుంది. విడదీసి బయట తీగమీద ఆరేసి, గట్టిపడ్డాక పారెయ్యి. టర్పెంటైన్ తీసేటప్పుడు కిటికీలు తెరువు, ఏసీ గదిలో వద్దు.

బొమ్మ ఆరుతుంటే దుమ్ము పడుతుందని బీరువాలో పెట్టకు. చీకట్లో లిన్‌సీడ్ పసుపెక్కుతుంది. ఇప్పటికే పెట్టేసి ఉంటే కంగారుపడకు, కొన్ని రోజులు పగటి వెలుతురులో ఉంచితే చాలావరకు తేరుకుంటుంది. ఎండలో కాదు, వెలుతురులో. వానాకాలం గోడకి ఆనించి తగిలిస్తే వెనక బూజు పడుతుంది. ఫ్రేమ్ కింది మూలలకి బిరడా ముక్కలు అతికించి గాలి ఆడనివ్వు.

అక్కడక్కడ రంగు మెరుపు పోయి పొడిబారినట్టు కనిపిస్తే వార్నిష్ డబ్బా తియ్యకు. కింది పొర నూనె పీల్చేసింది, అంతే. అక్కడ పొర ఆరాక చాలా పల్చగా లిన్‌సీడ్ రుద్ది, మిగిలినది తుడిచెయ్యి. వార్నిష్ ఆరు నెలల తర్వాతి మాట. టర్పెంటైన్‌లో ముంచి పిండిన దూదితో ఒక మూల తుడిచి చూడు, దూదికి రంగు అంటితే ఇంకా ఆగాలి.

హైదరాబాద్ వెళ్లినప్పుడు సాలార్‌జంగ్ మ్యూజియంలో యూరప్ ఆయిల్ చిత్రాల ముందు ఎదురుగా కాకుండా పక్కగా నిలబడి చూడు. ఎక్కడ రంగు ఎత్తుగా ఉంది, ఎక్కడ పల్చగా ఉంది, పగుళ్లు ఏ వైపు పోయాయి, అన్నీ ఆ వాలు వెలుగులోనే తెలుస్తాయి. ఫోనులో చూస్తే ఇవేవీ కనబడవు.

మొదటిది పూర్తయ్యాక ఫోటో పంపు. ఫ్లాష్ వద్దు, కిటికీ పక్కన పెట్టి తియ్యి. కాన్వాసు వెనక వైపుది కూడా ఒకటి తియ్యి, నేను ముందు చూసేది అదే.

ఇట్లు,
పెద్దమ్మ