బాబు పరుగులో పడిపోయాడంటే

చి.ల.సౌ. అమ్మాయికి, పెద్దనాన్న ఆశీస్సులు.

బాబు బడిలో రెండోసారి పడిపోయాడని, మూర్ఛేమో చూపించమన్నారని రాశావు. చూపించు, కాదనను. కాని మూర్ఛ మందు మొదలుపెట్టకముందే ఈసీజీ ఒకటి తీయించు. పది నిమిషాల పని, ఖర్చు కూడా తక్కువే. పిల్లల డాక్టరుగా పనిచేసినన్నాళ్లూ నేను మొండిగా పట్టుబట్టింది దీని గురించే. గుండె లయ తప్పి మెదడుకు రక్తం అందకపోయినా కాళ్లూ చేతులూ కొట్టుకుంటాయి, కళ్లు తేలవేస్తారు. చూసేవాళ్లకు అది అచ్చం మూర్ఛే.

పిల్లలు పడిపోయేది చాలావరకు ప్రమాదం లేని కారణాలతోనే. ఎండలో ప్రార్థనకు నిలబడో, సూదిని చూసో పడిపోతారు. అప్పుడు ముందుగా కళ్లు తిరుగుతాయి, చెమట పడుతుంది, ముఖం పాలిపోతుంది. మీ వాడు అలా కాదు, రెండుసార్లూ పరుగు మధ్యలో, ఏ సూచనా లేకుండా కూలిపోయాడు. టిఫిను తినకపోవడం వల్లనే అన్న టీచరుగారి మాటతో సరిపెట్టుకోవద్దు. చేతిలో తాళంచెవి పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం కూడా ఇక చాలించండి.

నా అనుమానం లాంగ్ క్యూటీ సిండ్రోమ్ మీద ఉంది. కొట్టుకున్న ప్రతిసారీ గుండె మళ్లీ సిద్ధం కావడానికి కొంత వ్యవధి పడుతుంది, ఈసీజీలో దాన్ని క్యూటీ అంటారు. జన్యులోపం వల్ల ఆ వ్యవధి సాగిపోతే లయ ఒక్కసారిగా చెదిరిపోవచ్చు. ఒక రకంలో పరుగు, ముఖ్యంగా ఈత దీన్ని రేపుతాయి. మరో రకంలో అలారం మోత చాలు. ఇంకో రకంలో నిద్రలోనే వస్తుంది. అందుకే డాక్టరుగారికి ‘పడిపోయాడు’ అని మాత్రమే చెప్పకు, పడే ముందు క్షణంలో ఏం చేస్తున్నాడో చెప్పు. పక్కనున్న పిల్లలను విడివిడిగా అడిగి రాసిపెట్టుకో.

ఇక కష్టమైన పని. మీ చిన్నమామయ్య పద్నాలుగేళ్లప్పుడు కాలువలో మునిగిపోయాడు కదా. బాగా ఈత వచ్చినవాడు ఎలా మునిగాడని అప్పుడెవరూ అడగలేదు, విధి అనుకున్నారు. మీ అమ్మను కూర్చోబెట్టి నెమ్మదిగా అడుగు. ఆ వైపు నలభై ఏళ్లలోపు హఠాత్తుగా పోయినవాళ్లు, ఫిట్స్ అని మందులు వాడినవాళ్లు, పుట్టు చెవుడు ఉన్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? సంబంధాలు చెడిపోతాయని మన ఇళ్లలో ఇవన్నీ దాచేస్తారు. దాస్తే ఇంకో పిల్లవాడు పోతాడని గట్టిగానే చెప్పు. ఈ జబ్బు ఎక్కువగా తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచే వస్తుంది, ప్రతి బిడ్డకూ సగం అవకాశం. కాబట్టి నువ్వూ, అల్లుడూ, చిన్నదీ ఈసీజీ తీయించుకోవాలి. చెవుడుతో కలిసి వచ్చే తీవ్రమైన రకం మాత్రం ఇద్దరి నుంచీ రావాలి. 1957లో నార్వే వైద్యులు జెర్వెల్, లాంగె-నీల్సన్ దాన్ని వర్ణించారు. మేనరికాలు చేసుకునే మనవాళ్లు గుర్తుపెట్టుకోవలసిన విషయమిది.

ఈసీజీలో, గుండె వేగానికి తగ్గట్టు సవరించిన క్యూటీ 480 మిల్లీసెకన్లు దాటితే దాదాపు తేలినట్టే. 460 దాటినా ఇలా పడిపోయిన పిల్లవాడి విషయంలో వదిలేయకూడదు. యంత్రం అచ్చువేసిన అంకెను నమ్మకుండా చేత్తో కొలవమను. బాగానే ఉందన్నా ఊరుకోకు. సీపీవీటీ అనే మరో వంశపారంపర్య జబ్బులో పడుకోబెట్టి తీసిన ఈసీజీ మామూలుగానే ఉంటుంది, ట్రెడ్‌మిల్ పరీక్షలోనే బయటపడుతుంది. పిల్లల గుండె డాక్టరుగారిని కలిసేదాకా ఆటలు, ఈత వద్దు. ఏడిస్తే ఏడవనీ.

లాంగ్ క్యూటీ అని తేలితే సాధారణంగా ప్రొప్రనలాల్, నడలాల్ వంటి బీటా బ్లాకర్, అంటే గుండె వేగాన్ని అదుపులో ఉంచే మందు ఇస్తారు. నా అనుమానం సరైతే, ఈత, పరుగులతో వచ్చే రకానికి ఇవి చాలా బాగా పనిచేస్తాయి. పిల్లికూతలు వస్తుంటే ముందే చెప్పాలి. పెళ్లికి వెళ్లినా, పరీక్షలున్నా ఒక్క పూట మానకూడదు. మందుల షాపులో అడిగి ఏదీ వేయకు. అజిత్రోమైసిన్, వాంతులకు ఇచ్చే ఆండాన్‌సెట్రాన్, ఫ్లూకొనజోల్ క్యూటీని ఇంకా సాగదీస్తాయి. వాంతులు, విరేచనాలైతే రక్తంలో పొటాషియం పడిపోతుంది, అదీ క్యూటీని సాగదీస్తుంది, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లు.

మళ్లీ పడిపోయి పిలిచినా పలకక, ఊపిరి సరిగా తీయకపోతే నీళ్లు చల్లుతూ కూర్చోకండి. ఒకరు 108కి ఫోను చేయాలి, ఒకరు ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ఐదు సెంటీమీటర్ల లోతుకు నొక్కాలి. నువ్వూ, అల్లుడూ, పీఈటీ మాస్టారూ నేర్చుకోండి.

ఈసీజీ తీసిన రోజే కాగితం మొత్తం, గీతలన్నీ కనబడేలా ఫోటో తీసి నాకు పంపు.

మీ పెద్దనాన్న