తేమ గాలిలో కృత్తికలు
ఆకాశం శీర్షిక: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ గోదావరి డెల్టా నుంచే వచ్చాయి. మంచు, గడ్డి పొగ, చెరువుల దీపాల మధ్య నక్షత్ర గుచ్ఛాలను కెమెరాలో పట్టేదెలా అన్నదే అందరి ప్రశ్న. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపి జవాబిస్తున్నాం.

ప్రశ్న: 24 మెగాపిక్సెళ్ల కెమెరా, 50 మి.మీ. ఎఫ్ 1.8 లెన్సు, మామూలు ట్రైపాడ్ ఉన్నాయండి. ఆకాశంతో పాటు కెమెరాను తిప్పే ట్రాకర్ లేదు. కృత్తికలను 15 సెకన్లు తీస్తే చుక్కలన్నీ గీతలయ్యాయి, ఆకాశం బూడిదరంగులో వచ్చింది. ఈ సామానుతో పనవుతుందా?
– అమలాపురం పాఠకుడు

జవాబు: అవుతుందండీ. మన ఆకాశానికి తగిన వస్తువునే ఎంచుకున్నారు. నెబ్యులాలు (ఆకాశంలోని వాయు, ధూళి మేఘాలు), గెలాక్సీల పలచని వెలుగును మసక ఆకాశం మింగేస్తుంది. గుచ్ఛంలో ఉన్నవి చుక్కలు. చుక్క వెలుగంతా ఒకటి రెండు పిక్సెళ్ల మీదే పడుతుంది కాబట్టి వెనక ఆకాశం కొంచెం తెల్లబడినా చుక్క నిలబడుతుంది.

ముందు గీతల సంగతి. మీ కెమెరా పిక్సెల్ సుమారు 3.7 మైక్రాన్లు. 50 మి.మీ. లెన్సుతో ఒక్కో పిక్సెల్‌లో పట్టేది 15 ఆర్క్ సెకన్ల ఆకాశం (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు). కృత్తికలు సెకనుకు దాదాపు 14 ఆర్క్ సెకన్లు జరుగుతాయి. అంటే సెకనుకు ఇంచుమించు ఒక పిక్సెల్. 15 సెకన్లకు 13 పిక్సెళ్ల గీత రాక తప్పదు. చుక్క గీత కాకుండా ఎన్ని సెకన్లు తీయొచ్చో చెప్పే పాత ‘500 సూత్రం’ ప్రకారం మీకు 6 సెకన్ల దాకా పోవచ్చు, కానీ అది ఫిలిం రోజుల లెక్క. ఇప్పటి సెన్సర్ మీద 6 సెకన్లంటే 5 పిక్సెళ్ల గీత. మీరు 2.5 సెకన్లు దాటకండి.

లెన్సును 1.8 దగ్గర పూర్తిగా తెరిస్తే మూలల్లో చుక్కలకు రెక్కలు మొలుస్తాయి, నీలి చుక్కల చుట్టూ ఊదా అంచు పడుతుంది. 2.8 దగ్గర పెట్టండి. ఐఎస్ఓ 1600, రా ఫైలు (కెమెరా సవరించని అసలు ఫైలు). హిస్టోగ్రామ్‌లో, అంటే కెమెరా చూపే వెలుగు పటంలో, గుట్ట ఎడమ అంచును వదిలి కాస్త ఇవతల నిలబడితే చాలు. అది మధ్యకు వచ్చిందంటే ఆకాశపు వెలుగే ఎక్కువ పోగవుతోందని అర్థం, ఐఎస్ఓ తగ్గించండి. ఫోకస్‌కు లైవ్ వ్యూలో రోహిణిని 10 రెట్లు పెద్దది చేసి, చుక్క అతి చిన్నదయ్యే చోట రింగును ఆపి, కాగితపు టేపు వేసేయండి. లెన్సు మీద ఉన్న అనంతం గుర్తును నమ్మొద్దు.

ఇక ఎన్ని ఫ్రేములు? 2.5 సెకన్లవి 500 తీస్తే మొత్తం 21 నిమిషాల వెలుగు. ఫ్రేములన్నిటినీ సాఫ్ట్‌వేర్‌తో ఒకటిగా కలిపే స్టాకింగ్‌లో రొద (ఫొటోలోని గరుకు మచ్చలు) ఫ్రేముల సంఖ్యకు వర్గమూలం చొప్పున తగ్గుతుంది: 100 ఫ్రేములకు పది రెట్లు, 400కు ఇరవై రెట్లే. అందుకని మొదటి వంద చాలా విలువైనవి, ఆ తర్వాత ఓపిక కొద్దీ. తీగ రిమోట్‌కు లాక్ వేసి, కంటిన్యువస్ మోడ్‌లో వదిలేయండి. ప్రతి పావుగంటకూ గుచ్ఛాన్ని మళ్లీ ఫ్రేము మధ్యకు తెచ్చుకోవాలి. అలా జరపడం వల్ల ఇంకో లాభం కూడా ఉంది, కింద పాలకొల్లు ప్రశ్నలో చెప్పాం.

మన అక్షాంశం 16.5 డిగ్రీలు. కృత్తికల క్రాంతి, అంటే ఖగోళ మధ్యరేఖకు ఉత్తరంగా వాటి దూరం, 24. అంటే జనవరి నడుమ రాత్రి 8 గంటలకు కృత్తికలు దాదాపు నడినెత్తిన, 82 డిగ్రీల ఎత్తున ఉంటాయి. కొబ్బరి చెట్లు అడ్డురావు, దిగంతాన పేరుకున్న పొగమంచు పొర అంటదు. కాకపోతే అంత ఎత్తుకు తిప్పితే చవక ట్రైపాడ్ తల లెన్సు బరువుకు మెల్లగా జారుతుంది. 60, 70 డిగ్రీల ఎత్తులో ఉన్నప్పుడే పని మొదలుపెట్టండి. పుష్యమి గుచ్ఛమైతే ఇంకా నయం: మార్చి నడుమ రాత్రి 9కి 87 డిగ్రీల మీద ఉంటుంది.

ప్రశ్న: మా చుట్టూ రొయ్యల చెరువులేనండి. రాత్రంతా ఎల్ఈడీ దీపాలు. లైట్ పొల్యూషన్ ఫిల్టర్ కొంటే పోతుందా?
– భీమవరం, ఇంజినీరింగ్ విద్యార్థి

జవాబు: గుచ్ఛాల కోసమైతే కొనకండి. పాత సోడియం దీపాల వెలుగు 589 నానోమీటర్ల చుట్టూ ఉండేది, ఆ ముక్కను కోసేస్తే పని జరిగేది. ఎల్ఈడీ వెలుగు అన్ని రంగుల్లోనూ పరుచుకుని ఉంటుంది, నక్షత్రాల వెలుగూ అంతే. ఒకదాన్ని కోస్తే రెండోదీ తెగుతుంది. ఒకటి రెండు సన్నని రంగు పట్టీలనే వదిలే నారోబ్యాండ్ ఫిల్టర్లు హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువుల వెలుగుతో మెరిసే నెబ్యులాలకు.

ఆకాశం మీది కాంతి కన్నా మీకు పెద్ద శత్రువు లెన్సు ముందు గాజు మీద నేరుగా పడే గట్టు దీపం. అది ఫొటో అంతటినీ పాలిపోయేలా చేస్తుంది. గోడ నీడలోనో, పంపుషెడ్డు వెనకో నిలబడండి, లెన్సుకు పొడవాటి నల్లటి హుడ్ తగిలించండి. ఫిల్టర్ డబ్బులతో మంచి ట్రైపాడ్ వస్తుంది.

ప్రశ్న: అరగంట తీసేసరికి లెన్సు మీద మంచు పట్టేస్తోంది. తువ్వాలుతో తుడిస్తే మళ్లీ పడుతోంది. వాడనప్పుడు లెన్సును బియ్యం డబ్బాలో పెట్టమంటున్నారు, మంచిదేనా?
– నరసాపురం పాఠకురాలు

జవాబు: డెల్టాలో సగం రాత్రులు చెడేది ఇక్కడే. లెన్సు ముందు గాజు ఆకాశానికి ఎదురుగా ఉండి తన వేడిని వదిలేస్తూ చుట్టూ గాలికన్నా చల్లబడుతుంది. మన గాలిలో తేమ ఎక్కువ కాబట్టి గాలి ఉష్ణోగ్రతకూ, మంచు కట్టే ఉష్ణోగ్రతకూ తేడా ఒకటి రెండు డిగ్రీలే ఉంటుంది. గాజు ఆ కాస్త చల్లబడితే చాలు. మరి మందు కూడా అంత చిన్నదే: గాజును గాలికన్నా రెండు మూడు డిగ్రీలు వెచ్చగా ఉంచాలి. తుడిస్తే లాభం లేదు. దుమ్ము బురదై పూత మీద గీతలు పడతాయి.

మొదట హుడ్. యోగా చాపలాంటి నురుగు ముక్కను లెన్సు చుట్టూ చుట్టి, లెన్సు వెడల్పుకు ఒకటిన్నర రెట్లు ముందుకు పొడుచుకు వచ్చేలా కట్టండి. పొడి రాత్రుల్లో ఇదొక్కటే సరిపోవచ్చు. తడి రాత్రికి హీటర్ కావాలి. 5 వోల్టుల యూఎస్‌బీ లెన్సు పట్టీలు దొరుకుతాయి. ఇంట్లో చేసుకోవాలంటే 47 ఓమ్‌ల, 1 వాట్ తట్టుకునే రెసిస్టర్లు పది తీసుకుని సమాంతరంగా టంకం వేయండి. ఒక్కోటి అర వాట్ పైన, మొత్తం 5 వాట్లు. కరెంటు 1 ఆంపియర్ పైన. అర వాట్ రెసిస్టర్లు వాడితే అవి కాలిపోయే ప్రమాదం ఉంది. ప్రతి అతుకుకూ హీట్‌ష్రింక్ గొట్టం తొడగండి. ఈ గాలిలో తెరిచి ఉన్న తీగలు ఎక్కడైనా కలిశాయంటే పవర్ బ్యాంక్ పోతుంది. 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు మీద ఇది దాదాపు 6 గంటలు నడుస్తుంది.

పట్టీని ముందు గాజుకు సరిగ్గా వెనక చుట్టాలి, ఫోకస్ రింగు మీద కాదు. వేడికి లెన్సు వ్యాకోచించి ఫోకస్ మారుతుంది కాబట్టి, 20 నిమిషాల ముందే హీటర్ వేసి ఆ తర్వాత ఫోకస్ చేయండి. మంచు పట్టాక వేయడం కన్నా పట్టకముందే వేయడం తేలిక. ఇంకోటి, ఏసీ గదిలోంచి కెమెరాను నేరుగా డాబా మీదకు తెస్తే హీటర్ ఉన్నా లాభం లేదు. జిప్ సంచిలో మూసి, అరగంట బయట ఉంచి తర్వాత తెరవండి.

బియ్యం మాట మరిచిపోండి. నిల్వ బియ్యంలోనే 13 శాతం దాకా తేమ ఉంటుంది, పైగా తవుడు దుమ్ము, పురుగు. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, పావు కిలో సిలికా జెల్, చిన్న తేమ మీటరు చాలు. తేమ 40, 50 శాతం మధ్య ఉండాలి. 60 దాటి వారాల తరబడి ఉంటే గాజు లోపల బూజు పడుతుంది. సిలికా రంగు మారాక 110, 120 డిగ్రీల వేడిలో ఆరబెట్టి మళ్లీ వాడొచ్చు. నీలిరంగు రకంలో కోబాల్ట్ లవణం ఉంటుంది, దాన్ని వంట మూకుళ్లలో వేయించొద్దు.

ప్రశ్న: ట్రాకర్ కొన్నాను. ఉత్తరాన కొబ్బరి తోట, ధ్రువ నక్షత్రం కనబడదు. ఎలా సరిచేసుకోవాలి?
– రావులపాలెం పాఠకుడు

జవాబు: తోట లేకపోయినా ధ్రువుడు 16.5 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు, ఆ ఎత్తున మసకలో చాలా రాత్రులు కనబడడు. అది లేకుండా పని కానివ్వండి.

ఎత్తుకు ఫోన్‌లోని వాలు కొలిచే యాప్‌తో ట్రాకర్ అక్షాన్ని 16.5 డిగ్రీలకు పెట్టండి. దిక్కుకు దిక్సూచిని నమ్మలేం. స్లాబులోని ఇనుప కడ్డీలు దాన్ని పక్కకు లాగుతాయి. డిసెంబరు 25 మధ్యాహ్నం తూకపు దారం వేలాడదీసి, 12 గంటల 3 నిమిషాలకు దాని నీడ మీద డాబాపై పెయింటుతో గీత కొట్టండి. అదే శాశ్వతమైన ఉత్తర దక్షిణ రేఖ. మన ప్రామాణిక సమయపు రేఖాంశం 82.5 డిగ్రీలు కాకినాడ పక్కనుంచే పోతుంది. రావులపాలెం దానికి కొంచెం పడమర, అందుకే ఆ 3 నిమిషాలు. గడియారం ఒక నిమిషం తప్పితే గీత మూడోవంతు డిగ్రీ తప్పుతుంది, కాబట్టి ఫోన్ గడియారం చూడండి. వేసవిలో ఈ పని కుదరదు. సూర్యుడు నడినెత్తికి వస్తాడు, నీడే ఉండదు.

ఇలా చేసినా ఒక డిగ్రీ తప్పు మిగులుతుందనుకోండి. అప్పుడు చుక్క నిమిషానికి అత్యధికంగా 16 ఆర్క్ సెకన్లు జారుతుంది. 135 మి.మీ. లెన్సుతో, 3.7 మైక్రాన్ల పిక్సెల్‌తో 30 సెకన్లకు అది ఒకటిన్నర పిక్సెల్ కూడా కాదు. గుచ్ఛాలకు 30 సెకన్లు మించి అక్కర్లేదు.

ప్రశ్న: ఒమేగా సెంటారీ గుచ్ఛం మన దగ్గర కనబడుతుందా? ఎక్కడ వెతకాలి?
– అంతర్వేది

జవాబు: కనబడుతుంది. దక్షిణాన సముద్రం ఉన్న మీకంటే మంచి చోటు డెల్టాలో లేదు. చిత్త నక్షత్రం సరిగ్గా దక్షిణానికి వచ్చినప్పుడు, దాని కిందకు నిలువునా 36 డిగ్రీలు దిగండి. చేయి చాచి పట్టిన పిడికిలి వెడల్పు 10 డిగ్రీలనుకుంటే మూడున్నర పిడికిళ్లు. ఏప్రిల్ నడుమ అర్ధరాత్రికి, మే నడుమ రాత్రి 10కి అక్కడ ఉంటుంది. ఎత్తు 26 డిగ్రీలే. నడినెత్తిన ఉండే గాలికి రెండు రెట్లకు పైగా గాలిని దాటి రావాలి కాబట్టి వెలుగు తగ్గుతుంది, రంగు పసుపు ఎరుపులోకి దిగుతుంది. ప్రకాశం 3.9 (ఈ సంఖ్య పెరిగేకొద్దీ మసక) గనుక మంచి రాత్రి కంటికే మసక చుక్కలా తోస్తుంది. ఇది గోళాకార గుచ్ఛం, దూరం సుమారు 17,000 కాంతి సంవత్సరాలు. 135 నుంచి 200 మి.మీ. లెన్సు వాడండి. నడిభాగం తెల్లటి ముద్దయిపోతే ఎక్స్‌పోజర్ సగానికి తగ్గించండి.

వేసవి రాత్రి సెన్సర్ వేడి మీద ఉంటుంది. ప్రతి 6 డిగ్రీలకూ దాని చీకటి రొద ఇంచుమించు రెట్టింపు. మూత పెట్టి తీసే డార్క్ ఫ్రేములు 30 అక్కడే, అప్పుడే తీయండి. చలికాలంలో దాచినవి పనికిరావు. ఇంటికి రాగానే లెన్సు మీది ఇసుకను బ్లోయర్‌తో ఊది, డిస్టిల్డ్ నీటితో తడిపిన మెత్తటి గుడ్డతో ఉప్పు తీయండి. పొడిగుడ్డతో తుడిస్తే ఉప్పురవ్వలు గీస్తాయి.

ప్రశ్న: 300 ఫ్రేములు స్టాక్ చేశానండి. వెనక వాన జల్లులా వాలు గీతలు, మూలలు నల్లగా, ఒకపక్క గోధుమరంగు. ఎందుకలా?
– పాలకొల్లు పాఠకుడు

జవాబు: వాన గీతలు సెన్సర్ లోపాలవి. ఆకాశం ఒకే దిక్కుకు జరుగుతుంటే, సాఫ్ట్‌వేర్ చుక్కలను కలిపేటప్పుడు ఆ లోపాలు ఎదురు దిక్కున గీతలవుతాయి. పావుగంటకోసారి ఫ్రేమును అటూ ఇటూ జరిపితే అవి చెల్లాచెదురై పోతాయి, మిగిలినవాటిని డార్కులు తీసేస్తాయి. నల్ల మూలలకు ఫ్లాట్లు కావాలి: తెల్ల బనియను గుడ్డ లెన్సు మీద బిగించి, ఫోకస్, ఎఫ్ సంఖ్య కదపకుండా, తెల్లారే ఆకాశం వైపు 30 ఫ్రేములు. హిస్టోగ్రామ్ సగానికి రావాలి. ఫ్లాట్లు తగిలాకనే సిరిల్, గ్రాక్స్‌పర్ట్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో గోధుమరంగు వాలును తీయండి. వరస తారుమారైతే మూలల నలుపునే ఊరి వెలుగనుకుని తప్పు సవరణ చేస్తుంది. సిరిల్‌లో ఫ్రేములను చుక్కల లెక్క ప్రకారం పేర్చి, కింది 20 శాతం పారేయండి. పలచటి మబ్బు పోయినప్పటివన్నీ అందులోనే ఉంటాయి.

ప్రశ్న: కృత్తికల చుట్టూ నీలి పొగ వచ్చింది. నెబ్యులాయేనా?
– తణుకు

జవాబు: అదే ఫ్రేములో రోహిణి వచ్చేలా మరోసారి తీయండి. రోహిణి చుట్టూ కూడా అలాంటి గుండ్రటి వలయమే ఉంటే అది పొగమంచు, లేదా లెన్సు మీద మొదలైన మంచు. అసలు నెబ్యులా గుండ్రంగా ఉండదు, కుంచెతో దువ్వినట్టు చారలుగా ఉంటుంది, మెరోపీ చుక్క దగ్గర ఎక్కువ. ఊరి ఆకాశం కింద పది నిమిషాల స్టాక్‌లో అది వచ్చిందంటే మేమైతే అనుమానిస్తాం.

ప్రశ్న: ఏ రాత్రులు మంచివి?
– మండపేట

జవాబు: వాయుగుండం తీరం దాటి, వాన వెలిసిన తర్వాత రెండు మూడు రాత్రులు. గాలి కడిగేసినట్టుంటుంది. సార్వా కోతల తర్వాత గడ్డి తగలబెట్టే రోజులు, భోగి ముందు వెనకలు వద్దు. డిసెంబరు, జనవరిల్లో తెల్లవారుజాము పొగమంచుకు వదిలేసి, ముందురాత్రే పని ముగించండి. సప్తర్షులు పైకి వచ్చి ఉన్న రాత్రయితే, బయల్దేరే ముందు వాటిలో అత్రిని చూడండి, ఏడింటిలో మసకది అదే, ప్రకాశం 3.3. అప్పుడు అది కంటికి అందకపోతే కెమెరా సంచి విప్పనక్కర్లేదు.

ప్రశ్న: ఫోన్‌తో కుదురుతుందా?
– యానాం

జవాబు: ఫోన్‌ను కదలకుండా నిలబెట్టి, ప్రో మోడ్‌లో 10 సెకన్లు, ఐఎస్ఓ 800, 3 సెకన్ల టైమర్‌తో తీయండి. ఆరు చుక్కలూ విడివిడిగా వస్తాయి, కానీ కృత్తికలన్నీ కలిపి ఫొటోలో బొట్టుబిళ్లంత ఉంటాయి.