ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే వెళ్లండి

ప్రశ్న: విజయవాడలో ఒకరి దగ్గర 2018 నాటి మారుతి స్విఫ్ట్ డీజిల్ కారు అమ్మకానికి ఉంది. మీటరు 72,000 కిలోమీటర్లు చూపుతోంది. యజమాని పక్కన కూర్చోగా పది నిమిషాలు నడిపాను. నాకు అంతా బాగానే అనిపించింది. అయితే కారు కొనడం నాకిదే మొదలు కాబట్టి తొందరపడవద్దని మా బావగారు అంటున్నారు. మరోసారి నడిపి చూసేటప్పుడు ఏమేం గమనించాలి?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మీ బావగారు అన్నది సబబే. యజమాని చూపించిన దారిలో, ఆయన కబుర్లు వింటూ పది నిమిషాలు నడిపితే ఏ కారైనా బాగానే అనిపిస్తుంది. ఈసారి వెళ్లే వేళనూ తిరిగే దారినీ మీరే నిర్ణయించండి, బావగారిని కూడా వెంట తీసుకువెళ్లండి.

పొద్దున్నే వస్తామని, అంతవరకు బండి స్టార్ట్ చేయవద్దని ముందురోజే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి వేసి చూసి, వెచ్చగా ఉంటే మరో రోజు వస్తామని చెప్పి వచ్చేయండి. ఇది చాదస్తంగా కనిపించవచ్చు కానీ, రాత్రంతా ఆగి చల్లబడిన ఇంజన్‌ను మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు బయటపడే లోపాలు చాలావరకు అది వేడెక్కాక వినిపించవు, కనిపించవు. తాళం తిప్పినప్పుడు ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) దీపాలు వెలిగి, కొన్ని క్షణాల్లో ఆరిపోవాలి. అసలు వెలగకపోతే, ఆరకుండా ఉండిపోయిన దీపాన్ని చూసినప్పటికంటే ఎక్కువగా అనుమానించండి, ఎందుకంటే లోపం కనపడకుండా దాన్ని ఎవరో పనిచేయకుండా చేసి ఉండవచ్చు. స్టార్ట్ చేసేటప్పుడు బావగారిని కారు వెనక నిలబడమనండి. నీలిరంగు పొగ వస్తే ఇంజన్ ఆయిల్ కాలుతోందని అర్థం. ఇంజన్ వేడెక్కిన తరువాత కూడా తెల్లని పొగ ఆగకుండా వస్తూ, రేడియేటర్‌లో కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) తగ్గుతూ ఉంటే, ఇంజన్ పైభాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు, అంటే హెడ్ గాస్కెట్ పోయి ఉండవచ్చు. అలాంటి బండి ఎంత చౌకగా వచ్చినా వద్దు.

తరువాత దారి సంగతి. నగరంలోని రద్దీ, కనకదుర్గ ఫ్లైఓవర్ లాంటి ఎత్తు, గుంటూరు వైపు వెళ్లే జాతీయ రహదారి, చివరగా గుంతలు పడిన ఏదో ఒక వీధి, ఈ నాలుగూ కలిసేలా కనీసం ముప్పావు గంట నడపండి. పాటలు ఆపించండి. ఈ 1.3 లీటర్ల డీజిల్ ఇంజన్ 2,000 ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) లోపు కాస్త బద్ధకంగా ఉండి, ఇంజన్‌లోకి అదనంగా గాలి పంపే టర్బో అందుకున్నాక ఒక్కసారిగా లాగుతుంది. అది దాని స్వభావమే కాబట్టి దాన్ని లోపంగా లెక్కపెట్టవద్దు. క్లచ్ మాత్రం పరీక్షించాల్సిందే. నాలుగో గేరులో 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ యాక్సిలరేటర్ గట్టిగా నొక్కినప్పుడు ఆర్‌పీఎం ముల్లు పైకి ఎగబాకి, వేగం మాత్రం దానితోపాటు పెరగకపోతే, క్లచ్ జారుతోందన్నమాట. ఆ ఖర్చును ధరలో తగ్గించమని అడగవచ్చు. వెనక వాహనాలు లేనప్పుడు బ్రేకు గట్టిగా వేసి చూడండి. బండి ఒక పక్కకు లాగడం గానీ, స్టీరింగు వణకడం గానీ ఉండకూడదు. ఖాళీ స్థలంలో స్టీరింగును పూర్తిగా ఒక వైపుకు తిప్పి నెమ్మదిగా చుట్టు తిరిగినప్పుడు ముందు చక్రాల దగ్గర టకటకమని వినిపిస్తే యాక్సిల్ జాయింట్లు అరిగినట్లే.

కారు ఉన్నది విజయవాడలో కాబట్టి ఇంకొకటి తప్పక చూడాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు సింగ్‌నగర్ పరిసరాల్లో ఎన్నో వాహనాలు మునిగాయి. సీటు బెల్టును చివరి వరకు బయటికి లాగి, లోపలి భాగంలో బురద మరక ఉందేమో చూడండి. సీటు కింది పట్టాల మీద తుప్పునూ, స్టెపినీ టైరు కింది గుంతనూ టార్చిలైటుతో పరిశీలించండి. ఏసీ వేయగానే ముక్కవాసన వస్తే అడగాల్సిన ప్రశ్నలు చాలా ఉంటాయి.

మీటరు చూపే 72,000 నిజమో కాదో సర్వీసు రికార్డులే చెబుతాయి. పెడళ్ల రబ్బర్లు బాగా అరిగి, మీటరులో అంకె చిన్నదిగా ఉంటే నమ్మకండి.

ప్రశ్న: ఇలా నడిపి చూస్తున్నప్పుడు ఎవరినైనా గుద్దితే బాధ్యత ఎవరిది?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: నడిపేవారితోపాటు యజమాని కూడా చిక్కుల్లో పడతారు. మోటారు వాహనాల చట్టం ప్రకారం థర్డ్ పార్టీ బీమా (ఎదుటివారికి జరిగే నష్టానికి వర్తించే బీమా) తప్పనిసరి కాబట్టి, అది అమల్లో ఉందో లేదో ప్రభుత్వ ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొట్టి చూసుకున్న తరువాతే తాళం చేతిలోకి తీసుకోండి, మీ లైసెన్సు కూడా దగ్గర ఉంచుకోండి. బీమా గడువు దాటిన కారును, రెన్యువల్ చేయించేదాకా వీధి చివరి వరకు కూడా నడపకండి.