ఫరక్కా వెళ్తున్న మేనకోడలికి

కృష్ణలంక,
విజయవాడ

చిరంజీవి మానసకు, మావయ్య ఆశీస్సులు.

నువ్వు పశ్చిమ బెంగాల్‌లో గంగ మీదున్న ఫరక్కా బ్యారేజీకి వెళ్తున్న సంగతి మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. నువ్వే చెప్పకూడదూ? ఉద్యోగమంతా ఆనకట్టల గేట్ల దగ్గరే గడిపిన మనిషి, వద్దంటాడనుకున్నావు. వద్దనను. బ్యారేజీ వల్ల గంగలో డాల్ఫిన్లకి ఏమవుతోందో తేల్చడానికి మనమ్మాయి వెళ్తోందని మీ అత్తయ్యకి రెండుసార్లు చెప్పాను. మూడోసారి చెప్పబోతే కాఫీ గ్లాసు చేతిలో పెట్టింది. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

మామూలు మాటలు ముందు చెప్పేస్తాను. డాల్ఫిన్ పైకి తేలేది ఒక్క క్షణం, అందుకని ఇద్దరు విడివిడిగా లెక్కపెట్టండి. ఈ ఏడు ఫిబ్రవరిని పోయినేడు ఫిబ్రవరితోనే పోల్చు. బెంగాలీలు దాన్ని శుశుక్ అంటారు, ఆ పేరుతోనే అడుగు, మాట కలుస్తుంది. ఇవన్నీ నీకు తెలిసినవే. నేను ఇంట్లో ఎవరికీ చెప్పనిది ఒకటుంది.

1987 వేసవి. ఒక ఏటి మీద చిన్న ఆనకట్ట, పేరెందుకులే. గేట్ల మరమ్మతు కోసం తొమ్మిది రోజులు పూర్తిగా దించేశాం. పని అయ్యాక, నిలిచిన నీళ్లన్నీ రెండు రోజుల్లో వదిలేశాం. నెలాఖరుకి ఒక ఫారం వచ్చింది. అందులో ఒక గడి: దిగువన జలచరాలకు ఇబ్బంది ఏమైనా ఉందా? రిజిస్టరు తీసి నెల మొత్తంలో వదిలిన నీళ్లని రోజులతో భాగించాను. అంతకుముందు ఏడాది ఏప్రిల్‌కీ దీనికీ తేడా లేదు. "లేదు" అని రాసి, ఫ్యాను కింద కూర్చునే సంతకం పెట్టాను.

వారం తర్వాత దిగువ ఊళ్లో చేపలు పట్టే పెద్దాయన వచ్చి, ఓసారి రండి సారూ అన్నాడు. రెండు మైళ్లు ఇసుకలో నడిపించి ఒక బండ చూపించాడు. నీటికుక్కలు ఏళ్ల తరబడి ఆ బండ మీదే పెంట వేసేవట. వంగి చూశాను. ఎండి తెల్లబడింది. వేలు తగిలితే పొడైపోయి చేప పొలుసులు, పీత డొల్ల ముక్కలు రాలాయి. తాజాది ఒక్కటీ లేదు. బండ కింద మడుగు ఇంకిపోయి చేపలు చచ్చాయి, నీటికుక్కలు ఎటో పోయాయి. ఒడ్డున వాటి బొరియ నోట్లో, మేం ఒక్కసారిగా వదిలిన నీళ్ల బురద గడ్డకట్టి ఉంది. లోపల పిల్లలున్నాయా అని నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు.

నెల సగటు బాగానే ఉందని నసిగాను. "సారూ, తొమ్మిది రోజులు పస్తుపెట్టి పదోరోజు పది విస్తళ్లు వడ్డిస్తే మీ లెక్క సరిపోద్ది. తినేవాడు ఉండాలిగా" అన్నాడు.

ఫారం దిద్దుతానని అడిగితే, పైకి వెళ్లిపోయింది, ఇక కుదరదన్నారు. నేనూ గట్టిగా పట్టుబట్టలేదు. ప్రమోషన్ రావాల్సిన ఏడాది అది.

ఫరక్కా అనగానే నాకు టెన్షన్ అందుకే. 1996లో మనమూ బంగ్లాదేశూ రాసుకున్న ఒప్పందం జనవరి 1 నుంచి మే 31 దాకా నీళ్లను పది రోజులకో లెక్కగా పంచుతుంది. 70 వేల క్యూసెక్కులు, అంతకు తక్కువైతే చెరిసగం. 75 వేలు దాటితే మనకు 40 వేలు, మిగతాది వాళ్లకు. పది రోజుల సగటులో నా తొమ్మిది రోజులు హాయిగా దాక్కుంటాయి కదమ్మా! అయితే అదే ఒప్పందం ప్రకారం ఫరక్కా దిగువన, గంగ నీళ్లని హుగ్లీ వైపు మళ్లించే ఫీడర్ కాలువలో, అవతల బంగ్లాదేశ్‌లో హార్డింజ్ బ్రిడ్జి దగ్గర ప్రవాహాన్ని రోజూ కొలుస్తారు. నీక్కావలసింది ఆ రోజువారీ లెక్క. సగటు చేతిలో పెట్టి పంపబోతే కదలకు. టీ ఇస్తే తాగి, మళ్లీ అడుగు.

ఇంకో మాట, మనవైపే చూసి వచ్చేయకు. ఎగువన బీహార్‌లో డాల్ఫిన్ల కోసం విక్రమశిల అభయారణ్యం ఉంది, నిజమే. కానీ 1975లో ఆ బ్యారేజీ మొదలయ్యాక దిగువ శుశుక్‌లు పైకి ఈదుకు రావడం కష్టమైపోయింది. అవతల బంగ్లాదేశ్‌లో గంగ నుంచి చీలే గొరాయ్ పాయలో నీళ్లు తగ్గితే సుందరవనాల్లోకి ఉప్పు ఎగదన్నుతుంది, మంచినీటి జీవికి చోటు కుంచించుకుపోతుంది. ఇవతల నీళ్లు తగ్గిన ఎన్నాళ్లకి అక్కడ ఉప్పు పెరిగిందో తారీఖులు పక్కపక్కన పెట్టి చూడు. మన కృష్ణా సంగతి తెలుసుగా, బచావత్ ట్రిబ్యునల్ 2060 టీఎంసీలు పంచితే మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, అప్పటి మన ఉమ్మడి రాష్ట్రానికి 800. కూడి చూడు, నీటికుక్కకి చుక్క మిగల్లేదు.

అన్నిటికంటే ముందు రాయాల్సింది చివర రాస్తున్నాను. గేట్ల దిగువన ఇసుక తిప్ప ఎంత పొడిగా కనిపించినా, ఆ రోజు గేట్లు ఎప్పుడు ఎత్తుతారో గేట్ల మీద పనిచేసేవాళ్లని అడక్కుండా కాలు పెట్టకు. నీళ్లు చప్పుడు చేస్తూ వస్తాయనుకుంటారు. రావు. ముందు కాలి కింద ఇసుక తడుస్తుంది, అంతే.

అత్తయ్య గోంగూర పచ్చడి సీసా పంపుతోంది, మూత గట్టిగా బిగించుకో. లైఫ్ జాకెట్ వేసుకుని ఒక ఫొటో పంపు. ఒడ్డున నిలబడి కాదు, పడవలో కూర్చుని.

మీ మావయ్య