రిస్టోర్ అంటే రిపేర్ చేయడమేనా?

రిస్టోర్, రిపేర్, రెనొవేట్ మూడూ ఒకటేనా, రిస్టోర్‌ని ఎక్కడ వాడాలి అని అడిగారు. నాకు ఆ తేడా తెలిసింది మా తాతయ్య ఫొటో వల్ల.

ఏళ్ల తరబడి గోడకి ఉండి అది చెమ్మకు పాడైంది. ఎడమ చెంప మీద గోధుమరంగు మరక, కింద ఒక మూల చెదలు తినేశాయి. పాత ఫొటోలు రిస్టోర్ చేస్తామని బోర్డు పెట్టిన ఒక స్టూడియోలో ఇచ్చాను. వారం తర్వాత తెచ్చి చూస్తే మరక లేదు, మూల నిండింది, మొహం నున్నగా మెరిసిపోతోంది. నాయనమ్మ చేతిలోకి తీసుకుని, కాసేపు చూసి, "ఈయనెవర్రా?" అంది. తాతయ్యకు చిన్నప్పుడు అమ్మవారు పోసిన మచ్చలు ఉండేవి. మరకతో పాటు వాటినీ తుడిచేశారు! మళ్లీ తీసుకెళ్లి మచ్చలు ఉన్నవి ఉన్నట్టే ఉంచమని చేయించాను. ఈసారి నాయనమ్మ ఏమీ అనలేదు. కొంగుతో అద్దం తుడిచి, మేకు ఎక్కడ కొట్టాలో చూపించింది.

రిస్టోర్ అంటే అదండీ. మధ్యలో పాడైనదాన్ని, పోయినదాన్ని మునుపటిలా తేవడం. మునుపటికన్నా అందంగా చేయడం కాదు. పాత ఇంటికి టైల్స్ వేయించి కొత్త హంగులు పెడితే రెనొవేట్. కారే కుళాయిని బాగుచేస్తే రిపేర్.

తెలుగులో దీనికి ఒకే మాట సరిపోదు. పేపర్లో 'విద్యుత్ సరఫరా పునరుద్ధరణ' అని రాస్తారు, ఇంట్లో 'కరెంటొచ్చింది' అంటాం. రెండూ రిస్టోరే. కానీ 'ది పర్స్ వాజ్ రిస్టోర్డ్ టు ఇట్స్ ఓనర్' అన్నచోట పర్సును పునరుద్ధరించారంటే నవ్వుతారు. అక్కడ 'సొంతదారుకు తిరిగి ఇచ్చారు' అనాలి. 'రిస్టోర్ బ్యాక్' అనక్కర్లేదు, 'రి'లోనే 'తిరిగి' ఉంది. అన్నట్టు, రెస్టారెంట్ కూడా ఈ కుటుంబంలోదే. 18వ శతాబ్దంలో పారిస్‌లో నీరసపడ్డవాళ్లకు సత్తువనిచ్చే సూప్‌ని అలా పిలిచేవారు. తర్వాత అది దొరికే చోటుకే ఆ పేరు వచ్చింది.

ఫోన్లో మాత్రం జాగ్రత్త. బ్యాకప్‌ని రిస్టోర్ చేస్తే ఫొటోలు వెనక్కి వస్తాయి. ఫ్యాక్టరీ సెట్టింగ్స్‌కి రిస్టోర్ చేస్తే ఫోన్లో ఉన్నవన్నీ పోతాయి, ఎందుకంటే కొన్నరోజు అందులో మీ ఫొటోలు లేవు కదా. ఆ బటన్ నొక్కేముందు, ఎప్పటి స్థితికి తీసుకెళ్తుందో చూసుకోండి.