పాఠశాల వాలీబాల్‌కు లేటెక్స్ బ్లాడర్ మంచిదా, బ్యూటైల్ బ్లాడర్ మంచిదా?

జనగామ దగ్గరి మీ పాఠశాలలో వాలీబాళ్లు రెండు రోజులకే మెత్తబడుతున్నాయని, ఈసారి ఏ బ్లాడర్ (బంతి లోపల గాలిని పట్టి ఉంచే రబ్బరు సంచి) ఉన్నవి కొనాలో చెప్పమని అడిగారు. హనుమకొండ చుట్టుపక్కల పాఠశాలల్లో ఇరవై ఏళ్లకు పైగా వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసినవాడిగా నా సలహా ఒక్కటే: బ్యూటైల్ బ్లాడర్ ఉన్నవే తీసుకోండి.

లేటెక్స్ బ్లాడర్ రబ్బరు చెట్టు పాలతో తయారవుతుంది. దానికి సాగే గుణం ఎక్కువ కనుక బంతి చేతికి మెత్తగా తగులుతుంది, చురుగ్గా లేస్తుంది. అయితే ఎక్కడా చిల్లు లేకపోయినా ఆ పొరలోంచి గాలి కొద్దికొద్దిగా పోతూనే ఉంటుంది కాబట్టి, దాదాపు రోజూ పంపు పట్టవలసి వస్తుంది. బ్యూటైల్ 1930ల చివర్లో అమెరికాలో రూపొందిన కృత్రిమ రబ్బరు. సహజ రబ్బరుతో పోలిస్తే దానిలోంచి గాలి పోవడం చాలా తక్కువ; వాహనాల ట్యూబులకు దానిని వాడేది కూడా అందుకే.

కొత్తవి కొనే ముందు పాత బంతులను ఒకసారి బకెట్ నీళ్లలో ముంచి చూడండి. మా పాఠశాలలో ఒకసారి నాలుగు బంతులను పాడైపోయాయని పక్కన పెట్టాము; నీళ్లలో ముంచితే మూడింటికి వాల్వ్ దగ్గరే సన్నని బుడగలు వరుసగా లేచాయి. పిల్లలు పంపు సూదిని పొడిగానే బలవంతంగా గుచ్చడం వల్ల లోపలి రబ్బరు చీలిందని అప్పుడు అర్థమైంది. నాలుగో బంతికి ఎవరో సైకిల్ గొలుసు నూనె రాసి సూది దించారు. దాని వాల్వ్ ఉబ్బి, వేలికి జిగురుగా అంటుకుంది. పెట్రోలియం నూనెలు రబ్బరును ఉబ్బించి బలహీనపరుస్తాయి. మందుల దుకాణంలో దొరికే గ్లిజరిన్ రెండు చుక్కలు సూదికి రాస్తే చాలు. ఈ చిన్న అలవాటును పిల్లలకు మొదటి రోజే నేర్పమని ప్రత్యేకంగా కోరుతున్నాను.

మన ఎండల సంగతి కూడా మరువకూడదు. వాలీబాల్‌లో ఉండవలసిన గాలి పీడనం చదరపు సెంటీమీటరుకు 0.30 నుండి 0.325 కిలోలు. 30 డిగ్రీల వేడిలో సరిగ్గా గాలి కొట్టిన బంతి 45 డిగ్రీలకు చేరితే పీడనం సుమారు 0.06 పెరుగుతుంది, అంటే నియమాల హద్దు దాటిపోతుంది. అందువల్ల ఆట మొదలయ్యే వేళకే గాలి సరిచూసుకోవాలి. వేసవి సెలవుల్లో బంతులను రేకుల షెడ్డులో వదలకుండా, కొంత గాలి తీసి, ఎండ తగలని గది బీరువాలో ఉంచండి.