కిటికీలు మూసి ప్యూరిఫైయర్ పెట్టినా పీఎం 2.5 తగ్గకపోతే

"రోజంతా కిటికీలు మూసే ఉంటాయి. ప్యూరిఫైయర్ తెర మీద 12 అని చూపిస్తోంది. మంచం పక్కన పెట్టిన చిన్న మీటరు మాత్రం 60 దిగట్లేదు. దేన్ని నమ్మాలి?" అని ఒకరు అడిగారు. ఈ అంకెలు పీఎం 2.5వి, అంటే ఘనపు మీటరు గాలిలో 2.5 మైక్రాన్ల లోపు సన్నటి కణాలు ఎన్ని మైక్రోగ్రాములు ఉన్నాయో చెప్పేవి.

మీటరునే నమ్మండి. ప్యూరిఫైయర్‌లో సెన్సర్ దాని ఒంటిలోనే ఉంటుంది కాబట్టి అది చాలావరకు తాను వదిలిన శుభ్రమైన గాలినే కొలుచుకుంటుంది. గది బాగుపడిందనుకుని ఫ్యాన్ వేగం తగ్గించేస్తుంది. ముందు ఆటో మోడ్ తీసేసి ఒకే వేగంలో నడపండి. గోడకు ఆనించి ఉంటే ఒక అడుగు ముందుకు జరపండి. ఓసారి మూత తీసి లోపలా చూడండి. కొత్త ఫిల్టరుకు ప్లాస్టిక్ కవరు చుట్టి పంపుతారు, అది విప్పకుండానే నెలల తరబడి నడిపేవాళ్లు ఉన్నారు.

చవక మీటర్లు లేజర్ కాంతి చెదిరే తీరును బట్టి అంచనా కడతాయి, అందుకే వాటి అంకెలో ఎంతో కొంత తేడా ఉంటుంది. దానికి విరుగుడు నిష్పత్తి చూడటం. అదే మీటరుతో బయట 10 నిమిషాలు, లోపల 10 నిమిషాలు కొలిచి, లోపలి అంకెను బయటి అంకెతో భాగించండి. మీటరు పొరపాటు రెండు వైపులా ఉంటుంది కనుక చాలావరకు కొట్టుకుపోతుంది. ఈ పని తెల్లవారుజామున చేయొద్దు. గాలిలో తేమ ఎక్కువైతే కణాలు నీరు పీల్చి ఉబ్బుతాయి, మీటరు ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. పొడిగా ఉండే మధ్యాహ్నం మేలు.

లోపల పొగ పుట్టించేది ఏదీ లేకపోతే, ప్యూరిఫైయర్ లేని మూసిన గదిలో ఈ నిష్పత్తి దాదాపు 0.5 ఉంటుంది. సరైన ప్యూరిఫైయర్ నడుస్తుంటే 0.2 లోపుకు రావాలి. బయట 120 ఉండి లోపల 60 ఉందంటే, మీ యంత్రం ఉన్నా లేనట్టే.

ఇక గది లెక్క. 4 మీటర్ల పొడవు, 3.5 వెడల్పు, 3 ఎత్తు అంటే 42 ఘనపు మీటర్లు. గంటకు 5 సార్లు గాలి వడకట్టాలంటే గంటకు 210 ఘనపు మీటర్ల శుభ్రమైన గాలి కావాలి. పెట్టె మీద సీఏడీఆర్ అని ఉండే అంకె ఇదే (సీఎఫ్ఎంలో, అంటే నిమిషానికి ఘనపు అడుగుల్లో ఇస్తే 1.7తో గుణించండి). కానీ అది అత్యధిక వేగంలో కొలిచినది, ఆ చప్పుడులో ఎవరికీ నిద్ర పట్టదు. స్లీప్ మోడ్‌లో అది చాలా పడిపోతుంది. అందుకే కావలసినదానికి రెట్టింపు, అంటే ఈ గదికి 400 పైన ఉన్నది తీసుకుని మధ్య వేగంలో నడపమంటాను. అయానైజర్, ఓజోన్ అని గొప్పగా రాసి ఉన్నవి మాత్రం వద్దు, వాటి నుంచి రాగల ఓజోన్ ఊపిరితిత్తులకే చేటు.

యంత్రం సరిపోయినా అంకె దిగకపోతే సందులు వెతకండి. వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి, పల్చటి కాగితం ముక్కను కిటికీ అంచుల దగ్గర, తలుపు కింద పట్టుకోండి. లోపలికి వంగిన చోటల్లా బయటి గాలి వస్తోందన్నమాట. ఆ ఫ్యాన్ ఎంత గాలి బయటికి తోస్తే అంతా ఈ సందుల్లోంచే చొరబడుతుంది, కాబట్టి వంట అయ్యాక కాసేపటికి ఆపేయండి. ఏసీ పైపు గోడలోంచి వెళ్లే కన్నాన్ని పుట్టీతో పూడ్చండి, ఎక్కువమంది మరిచిపోయేది ఇదే. జరిపే కిటికీలకు ఫోమ్ టేపు నిలవదు, నాలుగుసార్లు జరిపితే ఊడొస్తుంది. వాటికి బ్రష్‌లాంటి పట్టీ వేయాలి.

అంకె ఉన్నట్టుండి పైకి లేచి మెల్లగా దిగుతుంటే కారణం ఇంట్లోనే ఉంది: వేపుడు, దోమల చుట్ట, అగరుబత్తి, కొవ్వొత్తి. గాలికి తేమ చేర్చే అల్ట్రాసోనిక్ హ్యుమిడిఫయర్‌నూ అనుమానించండి. మామూలు నీళ్లు పోస్తే అందులోని లవణాలు సన్నటి పొడిగా గాలిలో కలుస్తాయి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాలి. గ్యాస్ హీటరో బొగ్గుల కుంపటో వెలిగే గదిని ఇలా బిగించకండి. వాటి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ వాయువు ప్రాణాలు తీస్తుంది, ప్యూరిఫైయర్‌లోని హెపా ఫిల్టరు (సన్నటి కణాలను పట్టేది) దాన్ని ఆపలేదు. మామూలు గదికైనా రోజూ 10–15 నిమిషాలు కిటికీ తీయాలి. బయటి అంకె తక్కువున్నప్పుడు తీయండి, ఎక్కువగా అది మధ్యాహ్నమే. రాత్రి, తెల్లవారుజాము చల్లటి గాలి పొగను నేలకు అణిచిపెడుతుంది. కిటికీ మూశాక ప్యూరిఫైయర్‌కు అరగంట ఇస్తే మళ్లీ కిందికి తెస్తుంది.

ఎంతకు దించాలంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన హద్దు ఘనపు మీటరుకు 24 గంటల సగటు 15 మైక్రోగ్రాములు, ఏడాది సగటు 5.

ఫిల్టరు మార్చమని వెలిగే దీపం చాలా మోడళ్లలో నడిచిన గంటలనే లెక్కపెడుతుంది, మురికిని కాదు. నెలకోసారి పైన చెప్పిన నిష్పత్తి రాసి పెట్టుకోండి. సందులు, వేగం ఏమీ మారకుండా 0.15 నుంచి 0.3కు పెరిగిందంటే ఫిల్టరు మార్చే వేళయింది. ముందుండే జాలీని రెండు వారాలకోసారి వాక్యూమ్ చేయండి. హెపాను మాత్రం కడగొద్దు, తడిస్తే పాడవుతుంది.